ప్రాణం నిలిపి ఇంటికి పంపే వైద్యులకు బహిరంగ లేఖ

ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో పనిచేసే వైద్యులకు, నర్సులకు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

కందిరీగ కుట్టినందువల్ల ఒంట్లో రేగిన తీవ్రమైన అలర్జీతో నేను రెండుసార్లు మీవంటి వారి చేతుల్లో పడ్డాను. రెండుసార్లూ మీరే బతికించారు. ఆ రుణం తీరేది కాదు. అయితే ఆ రెండోసారి అంత దారుణమైన స్థితిలో రావలసిన అవసరం లేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదటిసారి ఇంటికి పంపేటప్పుడు చెప్పవలసిన నాలుగు మాటలు ఎవరూ చెప్పలేదు, చేతికి ఇవ్వవలసిన ఒక్క మందు ఎవరూ ఇవ్వలేదు. ఆ డిశ్చార్జి చీటీ గురించే ఈ ఉత్తరం. ఏ ఒక్క ఆసుపత్రినో ఏ ఒక్క డాక్టరునో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాత నాకు పరిచయమైన ఇలాంటి రోగుల్లో చాలామంది నాలాగే ఒట్టి చేతులతో ఇంటిదారి పట్టినవాళ్లే కాబట్టి, మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మొదటిసారి ఏం జరిగిందో చెబుతాను. చాలా రోజులుగా మూసి ఉన్న కిటికీ రెక్క తెరిచాను. దాని వెనక కందిరీగల గూడు ఉంది. ఒక్కటే కుట్టింది, చెవి వెనక. మంట పుట్టింది గానీ చిన్నప్పుడు ఇలాంటివి రెండు మూడుసార్లు జరిగినవే కదా అని పట్టించుకోలేదు. నాలుగైదు నిమిషాలకు అరచేతులు దురదపెట్టడం మొదలైంది. కుట్టిన చోట కాదు, అరచేతుల్లో, అరికాళ్లలో. ఆ తర్వాత చెవులు వేడెక్కాయి, వేలికున్న ఉంగరం బిగుసుకుంది, మా తమ్ముడిని పిలుద్దామని నోరు తెరిస్తే నా గొంతు నాకే కొత్తగా, బొంగురుగా వినిపించింది. వీటన్నిటికంటే ముందు నన్ను పట్టుకున్నది ఒక భయం. ఏం జరగబోతోందో తెలియదు, కానీ ఏదో జరగబోతోందని ఒళ్లంతా చెబుతున్నట్టుండే భయం. అదీ ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని, రోగి భయపడుతున్నాడులే అని కొట్టిపారేయకూడదని తర్వాత చదివి తెలుసుకున్నాను.

తమ్ముడు నన్ను ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి తీసుకుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి, బీపీ బాగా పడిపోయింది. అక్కడి డాక్టరు ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా తొడలో ఇంజెక్షన్ చేశారు. కాసేపటికి గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, ఆ వణుకులోనే ఊపిరి తిరిగి వచ్చింది. ఆ తర్వాత సెలైన్ పెట్టారు, ఇంకేవో సూదులు వేశారు, కొన్ని గంటలు మంచం మీద ఉంచి చూశారు. సాయంత్రానికి చేతిలో మూడు రోజులకు సరిపడా మాత్రలు, ఒక చీటీ పెట్టారు. చీటీ మీద "పురుగు కాటు, అలర్జీ" అని అర్థం వచ్చే రెండు ముక్కలున్నాయి. "ఏం ఫరవాలేదు, ఇక వెళ్లవచ్చు" అన్నారు. ఎంతో ఆప్యాయంగానే అన్నారు.

నన్ను బతికించిన మందు పేరేమిటో నాకు తెలియలేదు. నాకొచ్చిన దాన్ని అనాఫిలాక్సిస్ అంటారని కూడా తెలియలేదు. నాకు తెలిసిందల్లా చేతిలో పెట్టిన మాత్రల పేరు ఒక్కటే. మీరు దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలని నా వినతి. రోగికి మీరు ఏ మందు చేతికిచ్చి పంపితే అదే తనను కాపాడిన మందని అతను నమ్ముతాడు. నేనూ అలాగే నమ్మాను. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ కందిరీగ కుట్టినప్పుడు, ఆ నమ్మకంతోనే అదే అలర్జీ మాత్ర, అంటే యాంటీహిస్టమిన్, వేసుకుని, అది పనిచేయడం కోసం ఎదురుచూశాను. దురద కొంచెం తగ్గినట్టనిపించింది. బండి వచ్చిందని ఎవరో కేక వేస్తే లేచి నిలబడి నాలుగడుగులు వేశాను. అంతవరకే గుర్తుంది. తర్వాతి సంగతులు వాళ్లూ వీళ్లూ చెబితే తెలిసినవి.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఇవి మీకు నాకంటే బాగా తెలిసినవే. అనాఫిలాక్సిస్‌తో చనిపోయినవారి వివరాలను బ్రిటన్‌లో ఒక్కొక్కటిగా పరిశీలించి రిచర్డ్ పంఫ్రీ 2000 సంవత్సరంలో ప్రచురించిన అధ్యయనంలో, కీటకం కుట్టినప్పటి నుంచి ఊపిరి గానీ గుండె గానీ ఆగిపోయేవరకు పట్టిన సమయం మధ్యస్థంగా 15 నిమిషాలు. ఆహారం వల్ల వచ్చిన వాటిలో అది 30 నిమిషాలు. ఇక మందుల సంగతి. యాంటీహిస్టమిన్ మాత్ర పని మొదలుపెట్టడానికి అరగంటో గంటో పడుతుంది. అది పనిచేసినా దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు, పడిపోతున్న బీపీని నిలబెట్టదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. గొంతును తెరవడం, బీపీని నిలబెట్టడం, ఈ రెండు పనులూ వెంటనే చేయగలిగింది అడ్రినలిన్ ఒక్కటే. మొదటిసారి నాకు తొడలో చేసిన ఇంజెక్షన్ అదే. అదైనా తొడ బయటి వైపు మధ్య భాగంలో, కండరంలోకి చేస్తేనే త్వరగా రక్తంలో కలుస్తుంది. ఎస్టెల్ సైమన్స్ బృందం 1998లో పిల్లల మీద చేసిన పరిశీలనలో కండరంలోకి ఇచ్చిన అడ్రినలిన్ సగటున 8 నిమిషాల్లో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరితే, చర్మం కిందికి ఇచ్చినది చేరడానికి 34 నిమిషాలు పట్టింది.

పదిహేను నిమిషాల్లో ప్రాణం మీదికి వచ్చే జబ్బుకు, మీరు ఎంత నిపుణులైనా, ఆ పదిహేను నిమిషాల్లో రోగి మీ దగ్గరికి చేరగలడా? తోటలోనో, పొలంలోనో, ప్రయాణంలోనో ఉన్న మనిషి చేరలేడు. అందుకే ఈ జబ్బుకు వైద్యం మీ గదిలో మాత్రమే ఉంటే చాలదు, రోగి సంచిలో కూడా ఉండాలి. డిశ్చార్జి చీటీని నేను ఇంతగా పట్టుకుని వేలాడుతున్నది ఇందుకే. మిగతా జబ్బుల్లో అది వైద్యం ముగిసిందని చెప్పే కాగితం కావచ్చు, మాకు మాత్రం తర్వాతి ప్రమాదానికి వైద్యం మొదలయ్యేది అక్కడే.

ఆటో ఇంజెక్టర్, అంటే తొడకు నొక్కితే తనంతట తానే అడ్రినలిన్ ఎక్కించే పెన్ను, దొరికే చోట దాన్ని రాసివ్వండి. ఒక్కటి కాదు, రెండు రాసివ్వండి. మొదటి మోతాదుతో తగ్గనప్పుడు 5 నుంచి 15 నిమిషాల్లో మళ్లీ ఇవ్వవలసి వస్తుందని మీ పుస్తకాలే చెబుతాయి. అది దొరకని చోట, లేదా కొనుక్కోలేని మనిషికి, అడ్రినలిన్ ఆంప్యూల్ (మందు ఉన్న చిన్న గాజు బుడ్డి), సిరంజి ఇచ్చి, ఎంత ఎక్కించాలో సిరంజి మీద గీత పెట్టి చూపించండి. మందు అదే, ప్రాణం నిలిపే గుణమూ అదే. అయితే గొంతు మూసుకుపోతున్న వేళ ఆంప్యూల్ మెడ విరిచి, మందు లాగి, మోతాదు సరిచూసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే అది రెండో దారి మాత్రమే. మందును ఫ్రిజ్‌లో పెట్టకూడదనీ, ఎండలో నిలిపిన కారులో వదలకూడదనీ, గడువు తేదీ దాటకముందే మార్చుకోవాలనీ కూడా చెప్పండి. ముక్కులో కొట్టుకునే అడ్రినలిన్ స్ప్రేకు అమెరికాలో 2024 ఆగస్టులో అనుమతి వచ్చింది. సూదికి భయపడేవారికి అదొక ఊరట, మీ దగ్గర అది అందుబాటులో ఉంటే ఆ సంగతీ చెప్పండి.

మందు రాసివ్వడం ఒక ఎత్తయితే, అది వాడే ధైర్యం ఇవ్వడం మరో ఎత్తు. నాకు ఆ ధైర్యం ఇచ్చింది రెండోసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక నర్సు. సూది లేని నమూనా పెన్ను ఒకటి తెచ్చి, ముందు నాకు కాదు, మా అబ్బాయికి చూపించారు. "ఆ సమయానికి అమ్మానాన్నల చేతులు పనిచేయకపోవచ్చు, నువ్వు నేర్చుకో" అన్నారు. మూత తీయడం, పెన్నును పిడికిలిలో పట్టుకోవడం, బొటనవేలును కొన మీద పెట్టకుండా ఉండటం, తొడకు ఆనించి చప్పుడు వినిపించేదాకా గట్టిగా నొక్కి చెప్పినన్ని సెకన్లు అలాగే ఉంచడం, బట్టల మీంచి అయినా ఫరవాలేదని తెలుసుకోవడం. మా వాడు మొదటిసారి తలకిందులుగా పట్టుకున్నాడు. అలా పట్టుకుని నొక్కితే సూది తన బొటనవేలిలోనే దిగేదని ఆవిడ నవ్వకుండా, విసుక్కోకుండా చెప్పి మళ్లీ చేయించారు, నాలుగోసారికి వాడి చేయి కుదిరింది. మొత్తం పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలే మా ఇంట్లో అందరి నిద్రనూ తిరిగి తెచ్చాయి.

ఇంకొక మాట. అడ్రినలిన్ అంటే మాకు భయం, మీలోనూ కొందరికి ఉంటుందని విన్నాను. గుండె దడ వస్తుంది, వణుకు వస్తుంది, ముఖం పాలిపోతుంది, నిజమే. అవి కాసేపట్లో తగ్గిపోతాయని, సరైన మోతాదులో కండరంలోకి తీసుకున్నప్పుడు దాని ప్రమాదం చాలా తక్కువని, తీసుకోకపోవడంలో ఉన్న ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువని మీ నోటితో వింటే ఆ క్షణంలో మా చేయి ఆగదు. ఒంటి మీద దద్దుర్లు లేవు కదా, ఇది అలర్జీ కాదేమో అని ఎదురుచూసేవారు కూడా ఉన్నారు. పదిమందిలో ఒకరిద్దరికి దద్దుర్లు లేకుండానే అనాఫిలాక్సిస్ వస్తుంది. కుట్టిన కాసేపటికి కళ్లు తిరిగినా, గొంతు మారినా, ఆయాసం వచ్చినా చాలు, సూది తీసుకోమని, ఆ వెంటనే అంబులెన్సును పిలవమని చెప్పండి. తగ్గినట్టనిపించినా ఆసుపత్రికి ఎందుకు రావాలో కూడా చెప్పండి. కొన్ని గంటల తర్వాత, కుట్టడమేమీ లేకుండానే అది మళ్లీ తిరగబెట్టవచ్చునని తెలియకపోతే, తేరుకున్న మనిషి బండి ఎందుకెక్కుతాడు?

పైసా ఖర్చు లేని మాట ఒకటుంది. పడుకోబెట్టి ఉంచమని చెప్పడం. నేను రెండోసారి కుప్పకూలింది లేచి నిలబడ్డప్పుడు. రక్తనాళాలు వదులైపోయి రక్తం కాళ్లలోకి జారిపోతున్న మనిషి ఒక్కసారిగా లేచి కూర్చున్నా, నిలబడినా గుండెకు చేరే రక్తం అమాంతం తగ్గిపోతుందని, చనిపోయినవారిలో కొందరికి ప్రాణం పోయింది సరిగ్గా అలా లేపిన క్షణాల్లోనేనని అదే పంఫ్రీ 2003లో రాశారు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తున పెట్టాలి. ఊపిరి అందనివారిని కాళ్లు చాపి కూర్చోనివ్వాలి, వాంతి అవుతుంటేనూ గర్భిణి అయితేనూ ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నడిపించి మాత్రం తీసుకురాకూడదు. మా తమ్ముడు మొదటిసారి నన్ను భుజం పట్టి నడిపించుకుంటూ మెట్లు దించాడు. తెలిసి ఉంటే ఎత్తుకుని దించేవాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి వాడు పడుతున్న బాధ చూస్తే, ఈ ఒక్క మాట ఇంటివాళ్లను గదిలోకి పిలిచి చెప్పండని మిమ్మల్ని ప్రాధేయపడాలనిపిస్తుంది.

ఇక, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిన విషయానికి వస్తాను. ఈ అలర్జీని చాలావరకు తగ్గించే వైద్యం ఉంది, ఉందని నాకు ఎనిమిది నెలల పాటు ఎవరూ చెప్పలేదు.

అనాఫిలాక్సిస్ అనే మాట పుట్టింది 1902లో. షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు సముద్ర జీవుల విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఇచ్చి వాటిని కాపాడదామనుకున్నారు. కొన్ని వారాల తర్వాత రెండోసారి చిన్న మోతాదు ఇచ్చేసరికి ఒక కుక్క నిమిషాల్లో చనిపోయింది. మొదటిసారి ఏమీ చేయని విషం రెండోసారి ఎందుకు చంపిందన్న ప్రశ్నకే రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. చిన్నప్పుడు నన్ను కుట్టి ఊరుకున్న కందిరీగలు ఇప్పుడు ప్రాణం మీదికి ఎందుకు తెచ్చాయో ఈ కథ చదివాకే నాకు అర్థమైంది. ఆనాటి పరిశోధకులు ఏ విషంతో రక్షణ కల్పించాలనుకుని విఫలమయ్యారో, అలాంటి విషంతోనే, జాగ్రత్తగా పెంచుకుంటూ పోయే మోతాదులతో, ఇప్పుడు మాకు రక్షణ కల్పిస్తున్నారు. మొదట్లో కీటకం మొత్తాన్ని నూరి తీసిన సారం వాడేవారు. 1978లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు ప్రచురించిన ప్రయోగంతో ఆ పద్ధతికి కాలం చెల్లింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలోనూ, కీటకాల సారం తీసుకున్నవారిలోనూ సగానికి పైగా మందికి మళ్లీ కుట్టించినప్పుడు అలర్జీ వచ్చింది. అసలు విషంతో చికిత్స పొందిన 18 మందిలో ఒక్కరికే వచ్చింది.

నేను ఇప్పుడు ఆ చికిత్సలో మూడో ఏట ఉన్నాను. మొదట మైక్రోగ్రాములో ఎన్నో వంతు మోతాదుతో మొదలుపెట్టి, పెంచుకుంటూ 100 మైక్రోగ్రాములకు చేర్చారు. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి చేతి పై భాగంలో చర్మం కింద ఇస్తారు, ఇచ్చాక అరగంట కూర్చోబెట్టి చూస్తారు. మూడు నుంచి ఐదేళ్ల వరకు కొనసాగుతుంది. కందిరీగ విషానికి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా, తేనెటీగ విషానికి దాదాపు ఎనిమిదిమందికి రక్షణ దొరుకుతుంది. మొదటి రోజు ఆ అలర్జీ నిపుణురాలు నా పాత చీటీ తిరగేసి చూసి, "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. జవాబు ఆ చీటీలో లేని ఒక్క వాక్యంలో ఉంది.

ఆ వాక్యం మీరు రాయండి. "అలర్జీ" అని ఊరుకోకుండా "అనాఫిలాక్సిస్" అని రాయండి, ఏ కీటకమో తెలిస్తే అదీ రాయండి. కొండి చర్మంలో మిగిలి ఉందా అన్నది కూడా ఒక ఆధారమే, ఎందుకంటే సాధారణంగా తేనెటీగే తన కొండిని, విషపు తిత్తిని వదిలి వెళుతుంది. ఆ కొండి ఇంకా ఉంటే గోటితోనో వేలితోనో ఎలాగైనా సరే వెంటనే తీసేయాలని, ఎలా తీశామన్నదానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని 1996లోనే తేలింది. కుట్టిన నాలుగు గంటల లోపు ట్రిప్టేజ్ (ఇలాంటి అలర్జీలో మాస్ట్ కణాల నుంచి రక్తంలోకి వచ్చే పదార్థం) పరీక్షకు రక్తం తీసి ఉంచితే అది నిపుణులకు ఎంతో ఉపయోగం. కోలుకున్నాక కూడా అది ఎక్కువగానే ఉన్నవారిలో మాస్ట్ కణాల జబ్బు దాగి ఉండవచ్చు, వారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. చర్మ పరీక్ష మొదటి వారాల్లో చేస్తే తప్పుగా నెగెటివ్ రావచ్చు కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత అలర్జీ నిపుణుల దగ్గరికి వెళ్లమని తేదీతో సహా చెప్పండి. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడుతున్నారేమో అడగండి, అవి ఉంటే అడ్రినలిన్ పట్టు సడలుతుంది.

కుట్టిన ప్రతి మనిషికీ ఇవన్నీ చేయమని నేను అడగడం లేదు. కుట్టిన చేయంతా మోచేతిదాకా వాచి, రెండు మూడు రోజులు అలాగే ఉన్నవారు బెంబేలెత్తి మీ దగ్గరికి వస్తారు. వారిలో ఎక్కువమందికి తర్వాత ప్రాణాపాయం రాదని, ఆ అవకాశం నూటికి ఐదు పది మందికేనని చెప్పి ధైర్యం ఇవ్వాలి. చర్మం మీద దద్దుర్లతోనే సరిపోయిన పిల్లల సంగతీ దాదాపు అంతే. దోమలు, ఇతర పురుగులు కరిస్తే ఇలాంటి తీవ్ర పరిస్థితి అరుదు.  కుట్టడం వల్ల చనిపోయినవారిలో సగం మందికి అంతకుముందు అలాంటి అలర్జీ ఎప్పుడూ వచ్చి ఉండదనీ తెలుసు. వారిని ముందుగా గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. కానీ మిగతా సగం ముందే ప్రమాదం ఎరిగినవారు. అలాంటివారిలో ఎంతోమంది మీ మంచం మీద పడుకుని, మీ సూదితో తేరుకుని, మీ ఎదుటే చెప్పులేసుకుని వెళ్తారు.

నా చేతికి సాధనం లేని ఆ నెలల్లో నేను ఎలా బతికానో కూడా చెప్పాలి. కిటికీలు తెరవలేదు. పువ్వులున్న చోటికి వెళ్లలేదు. పిల్లవాడు బయట ఆడుకుంటుంటే వాకిట్లో నిలబడలేక లోపల్నుంచే పిలిచేదాన్ని. జుమ్మని చప్పుడు వినిపిస్తే చేతిలో ఉన్న వస్తువు కింద పడేది, అది ఈగే అయినా. ఇప్పుడూ కందిరీగలంటే నాకు భయమే. కానీ ఇప్పుడు సంచిలో రెండు పెన్నులు ఉన్నాయి, సంచి పక్క అరలో ఏం చేయాలో రాసిన కాగితం ఉంది, మా వాడి చేయి కుదిరింది. గూడు కనిపిస్తే నేను దగ్గరికి వెళ్లను, తెలిసినవారిచేత తీయిస్తాను. మూత లేని తీపి పానీయం బయట తాగను, చెప్పులు లేకుండా గడ్డిలో నడవను. కిటికీలు మాత్రం తెరుస్తున్నాను.

మీ గదుల్లో ఎంత రద్దీ ఉంటుందో రెండుసార్లు కళ్లారా చూశాను. నా పక్క మంచం మీద తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు ఉన్నాడు, అవతల గుండెనొప్పితో మెలికలు తిరుగుతున్న పెద్దాయన ఉన్నారు. బాగుపడి కూర్చున్న నా దగ్గర ఎవరూ పది నిమిషాలు గడపలేకపోయారంటే అందులో ఆశ్చర్యం లేదు. అందుకే ఈ పనిని ఒక మనిషి జ్ఞాపకశక్తికి వదిలేయవద్దని అడుగుతున్నాను. అనాఫిలాక్సిస్ రోగులకు ఇచ్చే కాగితం ఒకటి రోగి భాషలో ముందే అచ్చు వేయించి ఉంచండి. నమూనా పెన్ను ఒకటి నర్సుల బల్ల సొరుగులో ఉంచండి. అడ్రినలిన్ చేతికి అందిందో లేదో, అలర్జీ నిపుణుల దగ్గరికి వెళ్లే తేదీ ఖాయమైందో లేదో చూడకుండా ఆ చీటీ మీద సంతకం పెట్టకూడదన్న నియమం మీ విభాగంలో మీరే పెట్టుకోండి. మాకు వినే ఓపిక లేనప్పుడు, భయంతో బుర్ర పనిచేయనప్పుడు, మాతో వచ్చినవాళ్లను లోపలికి పిలిచి వాళ్లకు చెప్పండి.

మీ విభాగంలో ఇది ఎలా జరుగుతోందో, జరగకపోతే ఏ అడ్డంకి ఉందో మీరు రాసినా, చెప్పినా వినడానికి, నాలాంటి రోగుల తరఫున చేతనైన సాయం చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

కృతజ్ఞతలతో,
మీ చేతుల్లో రెండుసార్లు బతికిన ఒక రోగి